కుంటకాడి ఎండ్రకాయ

మిరుగు కార్తె వాన తెల్లారేసరికి వెలిసింది. చూరు నుంచి నీళ్లు ఇంకా కారుతుండగా, సంగయ్య చాలా రోజుల తర్వాత తిండి పేరెత్తాడు.

"ఎండ్రకాయల పులుసు తాగబుద్ధయితుందే," అన్నాడు మంచంలోంచి.

పొయ్యి ముందు కూర్చున్న శివమ్మ తల తిప్పి చూసింది. పట్నం దవాఖాన నుంచి తీసుకొచ్చాక అతని గొంతులోకి గంజి తప్ప మరొకటి దిగలేదు. ఆ గంజి కూడా సగం దగ్గుతో బయటికే వచ్చేది. ఊపిరితిత్తులు పాడైపోయాయని, ఇంటికి తీసుకుపోయి కడుపునిండా పెట్టుకొమ్మని డాక్టరు చెప్పాడు. ఆ మాటకు అర్థమేమిటో శివమ్మకు తెలుసు. అత్త మొగులమ్మకు మాత్రం చెప్పలేదు.

"ఎండ్రకాయలు నాకెట్ల దొరుకుతయి? నేనెన్నడన్న పట్టిన్నా?" అంది.

పట్టడం కాదు, ముట్టుకున్నది కూడా లేదు. ఆమె పుట్టిన ఊరు సంగారెడ్డి అవతల మెట్ట. అక్కడ వాగూ లేదు, చెరువూ లేదు. లక్డారం కోడలిగా వచ్చిన కొత్తలో వాకిట్లో పాకుతున్న ఎండ్రకాయను చూసి మంచమెక్కి కూర్చుంటే, వాడకట్టంతా చెప్పుకొని నవ్వింది. సంగయ్య నవ్వలేదు. ఆనాటి నుంచి తను పట్టుకొచ్చినవి బయట మూడు రాళ్లు పెట్టి తనే వండుకునేవాడు. ఆ గంజు గిన్నె తోమడానికి కూడా శివమ్మ చెయ్యి పెట్టేది కాదు. అతనే బూడిదతో తోమి బోర్లించేవాడు.

తర్వాత వాగు ఎగువన కంపెనీలు లేచాయి. వాగు నీళ్లతో పారే మడి చౌడు తేలింది. సంగయ్య ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కూలీగా చేరాడు. డ్రమ్ముల్లోని పొడిని గంపలతో ఎత్తి పోసే పని. ముక్కుకు తువాల కట్టుకునేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు తెల్లగా ఉండేవి.

ఇప్పుడతను ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు.

"బొక్క మూతికాడ కొత్త మట్టి ఉంటది. జెర పక్కకెళ్లి చెయ్యి పోనియ్యి. నున్నగ, సల్లగ తాకితే గుంజుకో, అది పాముండే బొక్క. గరుకుగుంటే ఎండ్రకాయది. ఈపు మీదికెళ్లి అదిమి పట్టాలె. కరిచిందనుకో, చెయ్యి గుంజకు. గుంజినకొద్ది గట్టిగ పడ్తది."

"ఆడిదాన్ని బొక్కలల్ల చెయ్యి పెట్టమంటవారా?" అని మొగులమ్మ కొడుకును కసిరింది. ఆమెకు చూపు సరిగా ఆనదు, లేకపోతే తనే పోయేది. కాసేపటికి గోడ తడుముకుంటూ పోయి మూలనున్న బకీటు తెచ్చి కోడలి చేతికిచ్చింది.

వాగు ఎర్రగా పారుతోంది. అంచుల వెంట నురగ పేరుకుంది. శివమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని గట్టు దిగేసరికి, వెతికే పనే లేకపోయింది. రాళ్ల మీద, బురద మీద, తుంగ మొదళ్లలో ఎక్కడ చూసినా ఎండ్రకాయలే. ఊపిరి బిగబట్టి, కళ్లు సగం మూసుకొని ఒకదాన్ని వీపు మీద పట్టింది. అది కరవలేదు. ఇంకొకటి పట్టింది. అదీ కరవలేదు. ఇంత సులువైన పనికా ఇన్నేళ్లు భయపడ్డాననుకుంది. పొద్దున్నే మొగుడు నోరు తెరిచి అడిగాడు, వాగు బకీటు నింపింది. దేవుడు మళ్లీ తమవైపు చూశాడేమోనని ఆమెకు లోపల ఒక ఆశ పుట్టింది.

పెద్దరాములు అప్పుడే బర్రెలను తోలుకుంటూ వచ్చాడు. సంగయ్యకు చిన్నాయన వరస. బర్రెలు వాగు దిక్కు మళ్లకుండా కట్టె అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"బకీట్ల ఏందే శివమ్మా?"

"ఎండ్రకాయలు మామా. ఆయన తింటనన్నడు. సూడు, చెయ్యి పెట్టంగనె వస్తున్నయి."

పెద్దరాములు వంగి ఒకదాన్ని తీసి వెల్లకిలా తిప్పాడు. దాని కాళ్లు వేలాడాయి. కరిచే కొండ్లు తెరుచుకోలేదు.

"పాణమున్నది గిట్ల చేతికొస్తదా బిడ్డా? వాన సాటుకు కంపెనోళ్లు నీళ్లిడిసిండ్రు. లోపల ఉండలేక పైకెక్కినయి గివి. పోయినేడు నా చూడి బర్రె గీ నీళ్లు తాగే పన్నది, మళ్ల లేవలె."

శివమ్మ తన అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. సంగయ్య అంగీలు ఉతికేటప్పుడు వచ్చే వాసన. ఎన్నిసార్లు జాడించినా పోని వాసన. ఆమె బకీటు బోర్లించింది. ఎండ్రకాయలు పడ్డచోటే ఉన్నాయి. పారిపోవడానికి ఒక్కటీ కదల్లేదు.

"గుట్ట ఎనుక కుంటున్నది," అన్నాడు పెద్దరాములు. "రాళ్లు కొట్టేకాడికెళ్లి పోవాలె. దాంట్లకు వాన నీళ్లు తప్ప ఇంకేం రావు. ఉంటే గాడనే ఉంటయి."

రాతి గుంతల పక్కనుంచి దారి. సుత్తుల చప్పుడు వెనకబడ్డాక కుంట కనిపించింది. చిన్నది. ఒక పక్క తుమ్మచెట్లు, ఒక పక్క నల్లమట్టి కట్ట. కట్ట అడుగున బొరియలు, వాటి మూతుల దగ్గర తడి మట్టి ఉండలు. శివమ్మ మోకాళ్ల మీద కూర్చుని మొదటిదానిలో చెయ్యి పెట్టింది. వేళ్లకు నున్నగా, చల్లగా తాకింది. ఒక్కసారిగా చెయ్యి లాక్కొని వెనక్కి పడింది. దొరకలేదని చెప్పి ఇంటికి పోవచ్చు. అతను ఏమీ అనడు. కళ్లు మూసుకొని గోడ వైపు తిరుగుతాడు, అంతే.

ఆ తిరగడమే ఆమె చూడలేనిది.

ఇంకో బొరియలో చెయ్యి పెట్టింది, ఖాళీ. ఆ పక్కదానిలో గోడలు గరుకుగా తగిలాయి. మోచేతి దాకా పోనిచ్చింది. బుడిపెలా గట్టిగా ఏదో తగిలింది, అంతలోనే చూపుడు వేలు పట్టుబడింది. నొప్పి భుజం దాకా పాకింది. గుంజకు, గుంజకు అని తనకు తనే చెప్పుకుంటూ పళ్లు బిగబట్టి, మిగతా వేళ్లతో దాని వీపును అదిమి, మట్టితో సహా బయటికి తీసింది. వేలి నుంచి రక్తం కారుతోంది. అరచెయ్యంత ఎండ్రకాయ, నల్లటిది, రెండో కొండి ఎత్తి గాలిని పొడుస్తోంది. కరిచినందుకు శివమ్మకు ఏడుపూ వచ్చింది, సంతోషమూ అయింది.

ఎండ ఎక్కేదాకా వెతికినా ఇంకొకటి దొరకలేదు. దారి పొడుగునా ఆ ఒక్కటే బకీటును గీరుతూనే ఉంది.

సంగయ్య దాన్ని చూసి పక్కకు ఒత్తిగిల్లాడు. "కుంటదా?" అని అడిగాడు. అవునంది. వాగులో చూసింది మాత్రం చెప్పలేదు. ఆమె వేలికి మొగులమ్మ పసుపు అద్ది గుడ్డ పేలిక కట్టింది. అతను చెప్తుంటే శివమ్మ మంచం పక్కనే చేసింది. ముందు కొండ్లు విరిచింది. ఆ పుటుక్కుమన్న చప్పుడుకు ఒళ్లు జలదరించింది. పొట్ట కింది రేకు ఎత్తి, డిప్ప ఊడదీసి, రెండు పక్కలా ఉన్న బూజు లాంటిది తీసి పారేసింది. చిన్న కాళ్లు రోట్లో దంచి, నీళ్లు పోసి వడగట్టింది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ధనియాల పొడి, నాలుగు మిరియాలు, కొంచెం చింతపులుసు. గడప అవతలి పొయ్యి మీద గంజులో ఉడుకు పట్టేసరికి ఇల్లంతా కమ్మటి వాసన కమ్ముకుంది. పక్కింటి మల్లమ్మ గోడ మీది నుంచి, "ఏం వండుతున్నరే?" అని అడిగింది కూడా.

"పొయ్యి మీద ఇంకా పెట్టలేదా?" అన్నాడు సంగయ్య లోపలి నుంచి.

గరిటె తిప్పుతున్న శివమ్మ చెయ్యి ఆగింది. లేచి గడపలోకి వచ్చింది.

"నీకు వాసనొస్తలేదా?"

అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"ఎప్పటిసంది?"

"కంపెనీల చేరిన రెండో ఏడు."

"చెప్పలేదేంది మరి?"

"చెప్తే పనికి పోనిత్తువా?"

మాడిన అన్నం మారు మాట్లాడకుండా తిన్న రోజులు ఆమెకు గుర్తొచ్చాయి. మంచి మనసని అనుకుంది అప్పుడు.

తల ఎత్తి పట్టుకొని చెంచాతో పులుసు పోసింది. ఒకటి మింగాడు. రెండోదీ మింగాడు. మూడోది దగ్గులో పోయింది. దగ్గు తగ్గాక చేత్తో గిన్నెను ఆమె వైపు తోశాడు.

"నువ్వు తిను. తిని చెప్పు, ఎట్లుందో."

శివమ్మ కొండిని రాయితో పగలగొట్టి, లోపలి తెల్లటి కండను వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. మింగడానికి కొంచెం సేపు పట్టింది.

"ముందు తడి మట్టి లెక్కుంది," అంది. "నమిలితే తీయగైతుంది. కారం జెర ఎక్కువైనట్టుంది."

"గొంతుల మిరియం మండుతుందా?"

"మండుతుంది."

"పులుసు చిక్కగుందా?"

"ఆఁ, చిక్కగుంది."

"గట్లనే ఉండాలె," అని కళ్లు మూసుకున్నాడు. "ఇంకో ముక్క తిను." ఆమె తింది. ఒక్కో ముక్కకూ అడిగాడు, ఒక్కో ముక్కకూ చెప్పింది. గడపలో కూర్చున్న మొగులమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. డాక్టరు చెప్పిన మాట ఎవరూ చెప్పకపోయినా ఆమెకు అర్థమైంది.

ఆ వారం దాటకుండానే సంగయ్య పోయాడు. పెద్దరాములు కంపెనీ గేటు దాకా పోయి నష్టపరిహారం అడిగితే, దమ్ము రోగం ఊళ్లో ఎవరికి లేదని కాంట్రాక్టరు ఎదురడిగాడట.

పిట్టకు పెట్టే రోజున, పోయినవాడి పేరున కాకికి పెట్టే ముద్దలో వాడికి ఇష్టమైనది ఉండాలని మొగులమ్మ అంది. శివమ్మ మళ్లీ గుట్ట వెనక్కి పోయింది. ఈసారి మూడు దొరికాయి. ఆమె వండినదాన్ని చుట్టాలంతా మోదుగాకులో పెట్టి దూరంగా నిలబడ్డారు. కాకులు అటు నుంచి ఇటు పోయాయి గాని ఒక్కటీ దిగలేదు.

"వాని మనసుల ఏమన్న ఉందేమో, మాటియ్యిండ్రి," అన్నాడు పెద్దరాములు.

"మీ అమ్మను నేను సూసుకుంట," అంది శివమ్మ, ఆకు వైపు చూస్తూ. "నువ్వు ఫికర్ వెట్టుకోకు."

పొద్దు నడినెత్తికొచ్చేదాకా చూశారు. కాకి రాలేదు. చుట్టాలు ఒక్కొక్కరే సర్దుకున్నారు. ఆకును అక్కడే వదిలి అత్తాకోడళ్లు ఇంటికొచ్చారు.

గంజులో మిగిలిన పులుసును శివమ్మ వెచ్చబెట్టి అత్తకు అన్నంలో పోసింది. మొగులమ్మ మొదట వద్దంది. తర్వాత తడుముకుంటూ కలుపుకొని, ఏడుస్తూనే తింది. చివరికి కంచం పక్కకు జరిపి అడిగింది.

"నువ్వు తిన్నవానే?"

"తింట అత్తా," అని శివమ్మ తనకూ కొంచెం పెట్టుకొని ఆమె ఎదురుగా కూర్చుంది.