ఆకలి కుండీలకు ఒక మగ్గు

నా మేనకోడలు మొక్కల చదువు చదివి గాజు గదిలో పరిశోధన చేస్తోంది. అక్కడ ఫ్యాన్లు, మోటార్లు చూసేది నేను. కుండీలకు నీళ్ళు పోసేది మా ఆవిడ. ఇంట్లో మొదలైన గొడవ అక్కడ పూర్తవుతుంది, అక్కడ మొదలైంది ఇంట్లో.

పిల్ల పని నాకు అర్థమైనంత వరకు చెప్తాను. పైరుకి భాస్వరం కావాలి. మట్టిలో ఉన్నా, మట్టి దాన్ని గట్టిగా పట్టుకుని ఓ పట్టాన వదలదు. కొన్ని పాత వరి రకాల్లో ఒక జన్యువు ఉందట. అదుంటే మొక్క చిన్నప్పుడే వేళ్ళను గుబురుగా పెంచి, మూలమూలలా వెతుక్కుని మరీ తింటుంది. పిల్ల దాన్ని సంకరం చేసి మామూలు వరిలోకి తెచ్చింది. ఒక వరుస కుండీల్లో జన్యువున్నవి, పక్క వరుసలో లేనివి. రెండింటికీ భాస్వరం తక్కువున్న మట్టే. తేడా కనిపించకపోతే ఈ పని ఆపేస్తానని, పిల్ల పరిశోధన చూసే పెద్దమేడం ముందే చెప్పేసింది.

మొదట్లో తేడా బాగానే వచ్చింది. జన్యువు లేనివి కురచగా, ముదురు రంగు ఆకులతో, పిలకలు వేయకుండా ముడుచుకుని నిలబడ్డాయి. అంతలో పిల్లకి విషజ్వరం వచ్చి చాలా రోజులు మంచం దిగలేదు. కోలుకుని వచ్చి, వరుసలు చూసుకుని, గడప మీద కూలబడింది.

"మామయ్యా, అయిపోయింది. రెండు వరుసలూ ఒకటే ఎత్తు. జన్యువు ఏం పనిచెయ్యలేదు. రేపు మేడం వస్తారు."

అప్పుడే మా ఆవిడ పైపు చుట్టుకుంటూ వచ్చింది, మొహం వెలిగిపోతూ.

"చూశావా అమ్మడూ? నీ బక్కపిల్లలు ఎలా తేరుకున్నాయో!"

పిల్ల నెమ్మదిగా తలెత్తింది. "అత్తా, ఏం పోశావ్ వాటికి?"

"పక్క బల్ల వాళ్ళ పసుపు డ్రమ్ములో ఎరువు నీళ్ళు. తలా ఒక మగ్గే! ఎదురుగా అవి తింటుంటే ఇవి మాడుతున్నాయి. ఎలా చూడమంటావ్?"

"మాడాలే తల్లీ!" అన్నాను నేను. "వాటి ఉద్యోగమే అది!"

"అన్నం గంట ఆలస్యమైతేనే మీరు ఇల్లు పీకి పందిరేస్తారు, మీరా చెప్పేది?"

పిల్లకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. ఆ ఎరువులో భాస్వరం ఉందని, తేడా పోయింది అందుకేనని తెలిసి మా ఆవిడ మొహం పాలిపోయింది.

మర్నాడు పిల్ల ఎరువు నీళ్ళ సంగతి చెప్పగానే పెద్దమేడం అడిగింది. "ఎవరు పోశారు?"

మా ఆవిడ నా వెనక్కి జరిగింది. పిల్ల ముందుకొచ్చింది. "ఎందుకు పొయ్యకూడదో నేను చెప్పలేదు మేడం. తప్పు నాది."

మేడం ఒక్కో వరుసలోంచి ఒక కుండీ బోర్లించి, వేళ్ళు బకెట్లో కడిగింది. జన్యువున్న దానికి గడ్డంలా గుబురు. మగ్గు నీళ్ళు తాగినదానికి పైన ఆకులే కానీ కింద పిడికెడు కుచ్చు.

"ఆశ ఉంది. కానీ ఇది రుజువు కాదు. మళ్ళీ నాటు. అప్పుడూ తేడా రాకపోతే ఆపేద్దాం," అంది. వెళ్తూ ఆగింది. "నీళ్ళకి వేరే మనిషిని పెట్టనా?"

"వద్దు మేడం. ఏవి ఆకలితో ఉన్నాయో నా కంటే బాగా కనిపెట్టింది మా అత్తే."

మళ్ళీ నాటారు. జన్యువు లేని వరుస మళ్ళీ ముడుచుకుంది. పిల్ల మొహం మాత్రం విప్పారింది. మా ఆవిడ ఆ వరుస దగ్గరికొస్తే మొహం పక్కకి తిప్పుకుని, ఒట్టి నీళ్ళే పోస్తుంది. నిన్న నేను ఫ్యాను బిగిస్తుంటే, ఆవిడ వాటితో అనడం వినపడింది.

"ఓర్చుకోండి నాన్నా. మీరిలా ఉంటేనే మా పిల్ల పని నిలబడుతుందట."

పసుపు డ్రమ్ము మూత ఇంకా గట్టిగా నొక్కి వెళ్ళిపోయింది.