తీసుకున్నానక్కా

పెద్దదాని భయమల్లా ఒక్కటే. చిన్నది కాన్పుకి వెళ్ళి తిరిగి రాదేమోనని. ఇంకే భయమున్నా దాని తర్వాతే.

పెద్దదీ చిన్నదీ తోటికోడళ్ళు. అన్నదమ్ములిద్దరూ ఒకే లారీ మీద పనిచేస్తారు. అన్న డ్రైవరు, తమ్ముడు క్లీనరు. నెలలో ఇరవై రోజులు ఇంటి మొహం చూడరు. అత్తగారు ఈ ఇద్దరూ కాపురానికి రాకముందే పోయింది. అందుచేత ఆ మూడంతస్తుల మేడలో, మెట్ల కింద ఉన్న రెండు గదులకీ పెద్దదిక్కు ఎవరంటే ఇరవై మూడేళ్ళ పెద్దదే. "నేను పెద్దరికం మీద పడలేదమ్మా, అదే వచ్చి నా నెత్తిన కూర్చుంది" అని నవ్వేది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మూడేళ్ళ కిందట కూతుర్ని కన్నప్పుడు పెద్దది చావు గడపదాకా వెళ్ళి వచ్చింది. కాళ్ళు దిమ్మల్లా వాచాయి. కళ్ళ ముందు నల్లచుక్కలు ఆడాయి. తర్వాత ఫిట్సు వచ్చిందట, ఆమెకేమీ గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి పక్కలో గుప్పెడంత పిల్ల. చూడవచ్చిన వాళ్ళంతా "పిల్లా, ఎలుకపిల్లా?" అన్నారు. ఆ మాటే పేరైపోయింది. పిల్ల చిట్టెలుక అయింది.

అందుకే చిన్నదానికి నెల తప్పగానే పెద్దది ఆరోగ్యకేంద్రానికి లాక్కుపోయింది. అనుకున్నంతా అయింది. రక్తపోటు ఎక్కువ, రక్తం తక్కువ. నర్సమ్మ చిన్నదాని కార్డు మీద ఎర్రచీటీ అంటించి, "కాన్పు కష్టం కావచ్చనిపించే వాళ్ళకి ఇస్తున్నాం" అంటూ వారం వారం ఒక పెట్టె రాసింది. అందులో కోడిగుడ్లు, వేయించిన పప్పుల పొడి, పాలపొడి, వేరుశెనగపప్పు, ఖర్జూరాలు.

పెట్టెతో పాటు ఒక కాగితం కూడా ఇచ్చారు. వారానికి ఏడు గళ్ళు. పైన అచ్చులో ఒకటే ప్రశ్న: "ఈ రోజు పౌష్టికాహారం తీసుకున్నారా?" అవునంటే గడిలో టిక్కు పెట్టాలి.

ఆ కాగితం పెద్దది తన చేతికి తీసుకుంది. ఆమె ఏడు చదివింది. ఎనిమిదో తరగతి పుస్తకాలకి అట్టలు కూడా వేసుకుంది గాని, అమ్మ మంచాన పడటంతో అవి తెరవకుండానే చెల్లెలికి పోయాయి. అప్పటినుంచీ అచ్చు అక్షరం కనబడితే చాలు, ఒక్క పొల్లు కూడా వదలకుండా చదవాలనిపించేది. సాయంత్రం అట్టపెట్టెల కార్ఖానా నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, గడప మీద నిలబడి వార్తలు చదివినట్టు చదివేది.

"ఈ రోజు పౌష్టికాహారం తీసుకున్నారా?"

"తీసుకున్నామండీ" అనేది చిన్నది, చేతులు కట్టుకుని.

"నిజంగా తీసుకున్నారా?"

"తీసుకున్నానక్కా, నీ మీదొట్టు."

"నవ్వకే. సర్కారు కాగితమిది. నువ్వు నవ్వితే నా టిక్కు వంకర పోతుంది."

"నీ టిక్కు నేను నవ్వకపోయినా వంకరే."

ముగ్గురూ నవ్వుకునేవారు. ఆ మూడోది చిట్టెలుక. ఎందుకు నవ్వుతున్నారో దానికి తెలియదు గాని అందరికన్నా గట్టిగా నవ్వేది.

పెద్దది పొద్దస్తమానం కార్ఖానాలో అట్టలు మడిచి ఖాళీ పెట్టెలు చేస్తుంది. పెట్టె చేత్తో ఎత్తితే అందులో ఎంత ఉందో చూడకుండానే చెప్పగలదు. వారం చివర చిన్నదాని పెట్టె ఎత్తి చూసేది. దూదిలా లేచేది. గుడ్లు లేవు, పొడి లేదు, ఖర్జూరం గింజలు మాత్రం ఒక మూల పొట్లం కట్టి ఉండేవి. హమ్మయ్య అనుకునేది. పెట్టె ఖాళీ అయింది గనక కడుపు నిండిందనుకుంది.

కేంద్రంలో తూకం ముల్లు మాత్రం కదిలేది కాదు.

"పెట్టె అందుతోందా?" అడిగింది నర్సమ్మ.

"అందుతోందండి."

"తీసుకుంటోందా?"

"రోజూ తీసుకుంటోంది. ఇదిగో చూడండి, ఒక్క గడి ఖాళీ లేదు" అని పెద్దది కాగితం చాపింది, మార్కుల చీటీ చూపించే పిల్లలా.

నర్సమ్మ చిన్నదాని వైపు చూసింది. "ఏమ్మా, తీసుకుంటున్నావా?"

"తీసుకుంటున్నానండి" అంది చిన్నది, నేల చూస్తూ.

"కొందరి ఒంటి తీరే అంతలే" అని నర్సమ్మ రోజుకి ఇంకో గుడ్డు పెంచి రాసింది.

చిన్నదాని ఒళ్ళు తేరకపోయినా, ఇంట్లో ఒకరికి ఒళ్ళు పట్టింది. చిట్టెలుక బుగ్గలు నిండాయి. మణికట్టు దగ్గర మడత పడింది. ఒకరోజు కార్ఖానాలో పక్కబల్ల ఆవిడ ఏదో పనిమీద ఇంటికొచ్చి పిల్లను చూసి, "ఏమేవ్, నీ చిట్టెలుక పందికొక్కు అయిందేమిటే?" అంది.

"నీ కళ్ళు నీ దగ్గరే పెట్టుకో తల్లీ" అంది పెద్దది. అందే గాని, లోపల పొంగిపోయింది. "అంతా వాళ్ళ పిన్ని పెంపకం. నేను కన్నానంతే. పగలంతా అదే కదా దీన్ని చూసుకునేది" అని చిన్నదాని భుజం తట్టింది. చిన్నది పిల్ల జుట్టు దువ్వుతూ ఉండిపోయింది.

ఏడో నెల ముగుస్తుండగా, ఒక మిట్టమధ్యాహ్నం, మేడ మీద ఉండే టైలరు, పెద్దది పనిచేసే కార్ఖానా గేటు దగ్గరికి పరుగున వచ్చాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. "మీ చిన్నదానికి ఫిట్సమ్మా! ఆటోలో ఎక్కించాం. మా ఆవిడ తోడు వెళ్ళింది" అన్నాడు.

పెద్దది చేతిలో సగం మడిచిన అట్టతోనే ఆసుపత్రిదాకా వెళ్ళింది. అక్కడ ఎవరో దాన్ని చేతిలోంచి లాగేసేదాకా తనకే తెలియలేదు.

కోసి తీశారు. మగపిల్లవాడు. కిలో కూడా లేడు. అద్దాల పెట్టెలో పెట్టారు. పెద్దది ఆ అద్దం బయట నిలబడి, చిట్టెలుక వీడికన్నా ఎంతో నయం కదా అనుకుంది, అనుకున్నందుకు తన నోరు తానే మూసుకుంది. ఒకటిన్నర రోజు బతికాడు. వాడి నాన్న ఎక్కడో దూరాన లారీ దిగి, బస్సులు మారి వచ్చేసరికి ఎత్తుకోవడానికి ఏమీ మిగల్లేదు.

చిన్నది మూడో రోజుకి కళ్ళు తెరిచింది. బతికింది. పెద్దది గోడకి ఆనుకుని కూలబడి ఏడ్చింది. తను భయపడిన భయం తప్పిందనుకుంది.

ఇంటికి పంపేటప్పుడు, చూడవచ్చిన కేంద్రం నర్సమ్మ పెద్దదాన్ని పక్కకి పిలిచింది. "గండం గడిచిందనుకోకు. ఒంట్లో రక్తం బొత్తిగా లేదు. రక్తపోటు ఇంకా దిగలేదు. ఆరు వారాలు కళ్ళలో వత్తులు వేసుకుని చూసుకోవాలి. పెట్టె ఆపను, ఇంకో ఆరు వారాలు వస్తుంది."

మొదటి పెట్టె వచ్చిన రోజు పెద్దది పని మానేసి ఇంట్లోనే ఉంది. మరిది లారీ కోసం మళ్ళీ వెళ్ళిపోయాడు. పెద్దది పొడి గిన్నెలో వేసి, పాలు పోసి, ఉండలు లేకుండా కలిపి, చెంచా వేసి చిన్నదాని చేతికిచ్చింది. చిన్నది గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. గిన్నె కేసి చూస్తూ ఉంది.

అప్పుడు చిట్టెలుక ఎక్కడినుంచో వచ్చింది. ఎవరూ పిలవలేదు. పిన్ని కాళ్ళ మీదుగా ఎక్కి, ఎప్పటినుంచో తన చోటే అయినట్టు ఒళ్ళో సర్దుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

చిన్నది చెయ్యి చెంచాతో సగందాకా లేచి ఆగిపోయింది.

"దిగవే, అది పిన్నికి" అంది పెద్దది.

పిల్ల కళ్ళు తెరిచింది. "నాదే. తమ్ముడికి ఆకలి లేదుగా" అంది. "రోజూ తమ్ముడికి ఆకలి లేదంటే నేనే తినేస్తా కదా పిన్నీ?"



పెద్దది పిల్లను చూసింది. ఆ బుగ్గలు చూసింది. ఆ మణికట్టు మడత చూసింది. చిన్నదాని ఎదురుగా కూలబడింది.

"తీసుకున్నానన్నావు కదే" అంది. "రోజూ అడిగాను కదే. నా మీద ఒట్టు కూడా వేశావు."

"తీసుకున్నాను కదక్కా" అంది చిన్నది. "పెట్టెలోంచి రోజూ తీసుకునేదాన్ని. తిన్నానని నీతో ఎప్పుడన్నా అన్నానా?"

చిన్నది చెంచాను గిన్నెలోకి దించింది.

"మొదట్లో నాకు నిజంగానే తెలీలేదక్కా. పెట్టె అందిందా, తీసుకున్నావా అని అడుగుతున్నారనుకున్నా. నర్సమ్మా అదే మాట, నువ్వూ అదే మాట. తీసుకోవడమంటే తినడమని తర్వాత తెలిసింది. తెలిశాక, ఆ మాటే బాగుందనిపించింది. అబద్ధం ఆడక్కర్లేదు కదా. తిన్నావా అని ఒక్కసారి అడిగుంటే నీ మొహం చూస్తూ అబద్ధం చెప్పలేకపోయేదాన్ని."

"ఎందుకే? దీనికి నేను పెట్టట్లేదా?"

"పెడుతున్నావు. అదింకా కావాలంటుంది. గుడ్డు ఒలుస్తుంటే నా చేతి కేసే చూస్తుంది. నాకా, నోటికి ఏదీ సయించేది కాదు. లోపలున్నవాడు ఏడవడు కదక్కా. ఇది ఏడుస్తుంది." చిన్నది పిల్ల తలమీద చెయ్యి వేసింది. "లోపలున్నవాడు తనకి కావలసింది తనే నా ఒంట్లోంచి లాక్కుంటాడులే అనుకున్నా. దీన్ని అందరూ ఎలుకపిల్లా ఎలుకపిల్లా అంటుంటే నాకు బాధేసేది."

పెద్దది ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. పిల్లను ఒళ్ళోంచి దించి, చెంచా తను తీసుకుని, చిన్నదాని నోటికి అందించింది. చిన్నది మింగింది. రెండో చెంచాకి కన్నీళ్ళు కారుతున్నాయి, ఇద్దరికీ. చిట్టెలుక ఒకసారి అమ్మ మొహం, ఒకసారి పిన్ని మొహం చూసి, ఏం తప్పు చేశానో తెలియక తనూ ఏడుపు అందుకుంది.

మరుసటి వారం నర్సమ్మ వచ్చినప్పుడు పెద్దది అంతా చెప్పేసింది. "నా వల్లే పోయాడా?" అని అడిగింది. "నా కూతురి నోట్లోకి పోయింది వాడి తిండేనా?"

"దానివల్లే అని ఎవరూ చెప్పలేరమ్మా. తిన్నా కూడా ఈ రోగంతో పోయిన పిల్లలున్నారు" అంది నర్సమ్మ. తర్వాత చాలాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చుంది. "ఈ ప్రశ్న ఎన్ని వందలమందిని అడిగానో" అని తనలో తను అనుకున్నట్టు అంది. జేబులోంచి పెన్ను తీసి, అచ్చులో ఉన్న 'తీసుకున్నారా' మీద గీత కొట్టి, పైన 'ఏం తిన్నారు?' అని రాసింది. గళ్ళు చిన్నవి, జవాబు రాయడానికి చోటు చాలదు. పెద్దది అంచుల్లో రాస్తోంది. సగం గుడ్డు. నాలుగు చెంచాలు. ఒక ఖర్జూరం, బలవంతాన.

ఇప్పుడు పెద్దది మళ్ళీ కార్ఖానాకి వెళుతోంది. మానేస్తే ఆ పని ఇంకొకరికి పోతుంది. పొద్దున దగ్గర కూర్చుని తినిపిస్తుంది, సాయంత్రం వచ్చి తినిపిస్తుంది. చిట్టెలుకను తన వెంట తీసుకుపోతోంది. అట్టల గుట్ట పక్కన కూర్చోబెడుతుంది. పిల్ల ఎదురుగా ఉంటే చిన్నది ఆ ముద్ద కూడా దానికే పెట్టేస్తుందని భయం. కాని పిల్ల కూడా లేకపోతే ఆ గదిలో ఇంకెవరున్నారు? మధ్యాహ్నం ఇంటికొచ్చి పోదామంటే కార్ఖానా గేటు తాళం తియ్యరు. టైలరు భార్య పాపం చూస్తానంది గాని, ఆమెకి మిషను దిగే తీరిక ఉండదు. మధ్యాహ్నం గిన్నె మూతపెట్టి అలాగే ఉంటోందని పెద్దదానికి తెలుసు. ఆరు వారాల్లో ఇంకా నాలుగున్నాయి. మొదట భయపడిన భయమే, తప్పిందనుకున్న భయమే, పన్నెండు కాగానే ఆమె చేత అట్టను వంకరగా మడిపిస్తోంది.

మీరెవరైనా పగటిపూట ఆ దారిన వెళితే, మూడంతస్తుల మేడ, కింద టైలరు బోర్డు, మెట్ల కింద నీలం తలుపు. గడియ వేసుండదు. తట్టి లోపలికి వెళ్ళండి. పెద్దది పంపిందని చెప్పండి, చాలు. తీసుకున్నావా అని మాత్రం అడగకండి. గిన్నె ఖాళీ అయితే కడుపు నిండిందని అనుకోకండి. మూతపెట్టి ఉన్న గిన్నె ఆమె చేతికిచ్చి, ఏదో ఒక కబురు చెబుతూ, నాలుగు ముద్దలు మింగేదాకా కాస్త దగ్గర కూర్చోండి.