తేనెపెట్టెల జాడ

కోడలు చేసింది చూడటానికి చాలా చిన్న పని. అరడజను ఫైళ్ళు చెరిపేసింది, అంతే. అవి ఎవరివో తెలియదు, ఎందుకున్నాయో తెలియదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిపి ముద్ద చేసినట్టున్నాయి. చెరిపేసి, కంప్యూటర్ వైరు పీకేసి, మామగారి జీపీఎస్ ఆన్ చేసింది. తెర వెలిగింది. కంపెనీ బొమ్మ కనబడింది. ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ బొమ్మ, మళ్ళీ చీకటి. ఇంకో రెండుసార్లూ అంతే.

మామగారిది తేనెటీగల పని. పెట్టెలన్నీ కాలువ అవతల పొద్దుతిరుగుడు తోటల్లో, గట్ల పక్కన, తుప్పల మధ్య, మనిషి కంటపడని చోట్ల పెడతారు. దొంగలంటే ఆయనకి అంత హడలు. ఒకప్పుడెవరో రెండు పెట్టెలు ఎత్తుకుపోయారు. అప్పట్నుంచి ఏ పెట్టె ఎక్కడుందో కన్నకొడుక్కి కూడా చెప్పరు. దారి చూపే, అరచేతిలో పట్టే ఆ జీపీఎస్‌లోనే గుర్తులు పెట్టుకుంటారు, దాన్ని దిండు కింద పెట్టుకునే పడుకుంటారు. అక్కడితో ఆగితే ఆయన మామగారెందుకవుతారు? రేపు ఆ మిషనే దొంగల చేతిలో పడితే ఎలాగని, గుర్తులున్న ఫైళ్ళకి 'పంటినొప్పి', 'కరెంటు బిల్లు', 'చిరిగిన గొడుగు' అని పేర్లు పెట్టారు. ఏ దొంగైనా పంటినొప్పిని తెరిచి చూస్తాడా అని ఆయన ధీమా.

ఆ ధీమాయే కొంప ముంచింది. పెట్టెల దాకా దారి తెలియాలని ఆ పొలాల కాలిబాటలున్న కొత్త మ్యాపు ఎక్కించబోతే, మిషన్‌లో చోటు లేదని కంప్యూటర్ మొరాయించింది. మామగారి తెలివి కోడలికి తెలుసు. అందుకే మనిషి పెట్టినట్టున్న పేర్ల జోలికి పోకుండా, దిక్కూ మొక్కూ లేనట్టున్న వాటినే ఏరి ఏరి చెరిపింది. మిషన్ నడిచేది వాటితోనే అని ఆమెకెవరు చెబుతారు?

మామూలు రోజైతే ఏడ్చి ఊరుకునేది. కానీ పొద్దున్నే రైతుల ఫోన్ గ్రూపులో కబురొచ్చింది, కాలువ అవతలి తోటలన్నింటికీ రేపు తెల్లవారగానే పురుగుమందు కొడుతున్నారని. ఈ సాయంత్రం ఈగలన్నీ గూటికి చేరగానే పెట్టెల ద్వారాలు మూసి ఇంటికి తెచ్చేయాలి. తేకపోతే రేపు బయటికెళ్ళిన ఈగ పొలంలోనే రాలిపోతుంది. తిరిగొచ్చినా విషంతోనే వస్తుంది, పిల్లలతో సహా పెట్టె మొత్తం పోతుంది. మామగారు చూస్తే నిన్న కంటి ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉన్నారు. వెళ్ళేముందు ఆ మిషన్ని కొడుకు చేతికి కాదు, ఈమె చేతికిచ్చారు. "వాడు దీన్ని పోగొట్టి, ఎక్కడ పోగొట్టానో కూడా మర్చిపోతాడు తల్లీ. నీ దగ్గరుంచు" అన్నారు.

ఆ మాట గుర్తొచ్చి మిషన్ బొత్తాన్ని ఇంకోసారి నొక్కింది, మళ్ళీ అదే బొమ్మ, అదే చీకటి.

మొగుడు వాకిట్లో ట్రాలీలో గోనెసంచులు పరుస్తున్నాడు. తాడు కోసం లోపలికొచ్చి ఆమె మొహం చూశాడు.

"ఏమైంది? అలా ఉన్నావేం?"

"ఏం లేదు. ఛార్జింగ్ పెడుతున్నా."

"ఛార్జింగ్ పెడితే చెమటలెందుకు పడతాయి?"

దాచలేక చెప్పేసింది. అతను తాడు చేత్తో పట్టుకునే కుర్చీలో కూలబడ్డాడు. నాన్నకి ఫోన్ చేద్దామన్నాడు.

"చేసి? కంటికి కట్టు కట్టి కదలొద్దన్నారు. ఈ మాట చెవినబడితే మంచం దిగి బస్సెక్కేస్తారు. కన్ను పోతే నువ్విస్తావా, నేనిస్తానా?"

అతను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఏం చేయాలో ఆమెకీ తెలియదనుకోండి. కానీ కోపం తెచ్చుకుంటే భయం కాస్త తగ్గుతుంది, అదొక సుఖం.

కంప్యూటర్‌లో రీసైకిల్ బిన్ తెరిచి చూసింది. ఖాళీ. వైరుతో తగిలించిన వాటిలో చెరిపినవి అందులోకి రావట. మిషన్ని మళ్ళీ తగిలించింది, కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టనే లేదు. ఇలాంటి పనే చేసి లబలబలాడినవాళ్ళు ఇంటర్నెట్‌లో చాలామందే కనబడ్డారు. లోకంలో తను ఒక్కతే తెలివితక్కువది కాదని కొంచెం ఊరట కలిగింది. వాళ్ళలో ఒకాయన దారి చెప్పాడు. మిషన్ ఆపేసి, దాని మీది బొత్తాన్ని పైవైపుకి నొక్కిపట్టి, వదలకుండా వైరు తగిలించాలట. అది పూర్తిగా లేవకుండానే లోపలి ఫైళ్ళు మాత్రం కంప్యూటర్‌కి కనబడతాయట. మధ్యలో వేలు తీస్తే మళ్ళీ మొదటికే.

నొక్కింది. వేలు జారింది. మళ్ళీ నొక్కింది. ఈసారి వైరు వదులై ఊడింది. "నేను పట్టుకుంటా" అని మొగుడు ముందుకొస్తే "ముట్టుకోకు" అని కసిరింది. వెంటనే, "వైరు మాత్రం పట్టుకో, కదపకు" అంది. ఇద్దరూ కదలకుండా అలాగే నిలబడ్డారు. బొటనవేలు తిమ్మిరెక్కి ఇక లాభం లేదనుకుంటుండగా కంప్యూటర్ టింగుమంది.

పంటినొప్పి ఉంది. కరెంటు బిల్లు ఉంది. చిరిగిన గొడుగూ ఉంది. వాటిని చూసి అంత సంతోషించిన మనిషి ఇంకొకరుండరు. అన్నింటినీ కంప్యూటర్‌లో దాచింది. ఒకసారి దాచింది చాలక ఇంకోచోట కూడా దాచి, తెరిచి చూసుకుంది. ఆ తర్వాతే కంపెనీవాళ్ళ ప్రోగ్రాం దించి నడిపింది. మిషన్‌లో ఉన్నదంతా తుడిచేసి కొత్తగా ఎక్కించమంటావా అని అడిగిందది. ఆమె వేలు మౌసు మీద ఆగిపోయింది. అంతా దాచుకున్నానని తెలుసు. తెలిసినా నొక్కడానికి చెయ్యి రాలేదు. చివరికి కళ్ళు మూసుకుని నొక్కేసింది.

తెర మీద గీత నత్తనడక నడిచింది. సగం దాటి చాలాసేపు కదల్లేదు. కరెంటు పోకూడదని మొగుడు ఫ్యాను కూడా ఆపేశాడు. ఫ్యానుకీ దానికీ ఏం సంబంధమో అతనికే తెలియాలి, ఆమె మాత్రం అడగలేదు. గీత నిండింది. మిషన్ వెలిగింది, బొమ్మ దాటింది, ఆరలేదు. ఏ భాష కావాలని పసిపిల్లలా అడిగింది. దాచిన ఫైళ్ళు తిరిగి పెడితే, ఒక్కొక్క గుర్తే తెర మీద పొడిచింది.

లెక్కపెట్టింది. పది.

పెట్టెలు పదకొండు. ఇందులో అనుమానం లేదు, మూతలకి రంగు వేసింది తనే. ఆఖరిది నీలం మూతది. ఒక ఈగల గుంపు పెరిగి రెండుగా విడిపోతే మామగారు దానికి కొత్త పెట్టె కట్టి, ఆపరేషన్‌కి ముందురోజు ఒక్కరే తీసుకెళ్ళి పెట్టొచ్చారు. దాన్నింకా ఏ పంటినొప్పిలోకీ మార్చే తీరిక ఆయనకి దొరకలేదు. కొత్త గుర్తులు ముందు మిషన్ సొంత ఫైల్లోనే పడతాయి. ఆ ఫైలుకి అక్షరాలూ అంకెలూ కలిపిన పేరే ఉంటుంది. దాన్ని పొద్దున తన చేత్తోనే చెరిపింది.

పొద్దు వాలుతోంది, నిలబడి బాధపడే తీరిక కూడా లేదు. పది పెట్టెల దగ్గరికీ మిషన్ చూపించినట్టే వెళ్ళారు. ఈగలు లోపలికి చేరేదాకా ఆగి, ద్వారానికి జల్లెడ పట్టీ బిగించి, తడి గోనె కప్పి ట్రాలీ ఎక్కించారు. ఒక్కోటి ఎక్కుతున్నకొద్దీ ఆమెకి ధైర్యం రావాల్సింది పోయి, మిగిలిపోయినదాని బెంగే పెరిగింది. దారిపొడుగునా తుప్పలన్నీ వెతికారు. నీలం రంగు కనబడినచోటికల్లా పరిగెత్తింది. ఒకచోట ఎరువు సంచి, ఇంకోచోట విరిగిన బకెట్టు.

"పది దొరికాయి, ఒకటి పోతే పోనీ" అన్నాడు మొగుడు, మెల్లగానే. "ఆయన అడిగినప్పుడు చూసుకుందాం."

ఆ మాట ఆమె మనసులోనూ ఒకసారి తొంగిచూసింది, అబద్ధమెందుకు. కానీ అందులో ఉన్నది మూతా చెక్కా కాదు, ప్రాణమున్న ఈగలు. ఫోన్ తీసి ఆసుపత్రికి చేసింది. ఆయనకి తోడున్న ఆడపడుచు ఎత్తి మామగారి చెవి దగ్గర పెట్టింది.

"మామయ్యా, నేనొక వెధవ పని చేశాను" అని మొదలుపెట్టి అంతా చెప్పేసింది. "నీలం మూత పెట్టె ఎక్కడ పెట్టారో చెప్పండి. వెలుగు పోతోంది."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది.

"నాకు గుర్తు లేదు తల్లీ" అన్నారాయన. "కన్ను మసకగా ఉంది, తొందరలో పెట్టేశాను. మిషన్‌లో ఉందిగా అని చుట్టూ కూడా చూసుకోలేదు. అది కొన్న దగ్గర్నుంచి నేను గుర్తుపెట్టుకోవడమే మానేశాను."

ఇక ఒక్క దారే మిగిలింది. ఆ మాట అడగాలంటే మందు ఆపమని రైతుల్ని బతిమాలడం కంటే కష్టంగా ఉంది ఆమెకి.

"మామయ్యా, గ్రూపులో పెట్టేయనా? మా పెట్టె ఈ తోటల్లో ఎక్కడో ఉంది, ఎవరైనా చూశారా అని?"

ఇన్నేళ్ళు దిండు కింద దాచిన సంగతి వందమందికి చాటడమన్నమాట. ఆయన గట్టిగా ఊపిరి వదలడం ఫోన్‌లో వినబడింది.

"పెట్టు" అన్నారు. "నా తిక్క కోసం అవి చావకూడదు."

పెట్టింది. ఆ కంగారులో సగం అక్షరాలు తప్పులే పడ్డాయి. పెట్టీపెట్టగానే ఫోన్ మోగింది. తోటలకి నీళ్ళు పెట్టే పంపుసెట్టు చూసుకునే ఆవిడ, అందరూ పంపు పిన్ని అంటారు.

"నీలం మూతదేనా అమ్మాయ్? మా పంపు షెడ్డు వెనకే ఉంది కదా!"

"మీకెలా తెలుసు పిన్నీ?"

"తెలియకపోవడమేంటి? మీ మామగారు వంగి వంగి వచ్చి పెడుతుంటే మేం గట్టు మీద అన్నం తింటూ చూస్తూనే ఉన్నాం. పాపం దాక్కుంటున్నారు కదా, పలకరిస్తే నొచ్చుకుంటారని తలలు తిప్పేసుకున్నాం."

పంపు పిన్ని ఆగలేదు.

"ఆ కల్వర్టు పక్కదీ, రేగుపొద కిందదీ తీసుకున్నారా? వాటి దగ్గర ఎవరో ఇద్దరు మోటారు సైకిల్ ఆపి తచ్చాడుతుంటే, అందరం కేకలేసి తరిమాం. అప్పట్నుంచి రోజూ ఎవరో ఒకరు అటు వెళ్ళి చూసొస్తున్నాం. ముందు నువ్వు రా, చీకటి పడుతోంది. నేను లైటు పట్టుకుంటాను."

షెడ్డు వెనక, పంపు పిన్ని పట్టుకున్న లైటు వెలుగులో నీలం మూత కనబడింది. లోపల్నుంచి సన్నగా రొద వినబడుతోంది. పట్టీ బిగించాక కోడలు అక్కడే చతికిలబడి మామగారికి ఫోన్ చేసింది. దొరికిందని చెప్పింది. ఎలా దొరికిందో, ఎవరు కాపలా కాశారో, అదీ చెప్పింది. 

"ఎన్నాళ్ళుగా చూస్తున్నారట?"

"మొదట్నుంచీనట మామయ్యా."

ఆయన గొంతు మారింది.

"ఆవిడ ఎదురుపడినప్పుడల్లా నేను దారి మార్చుకునేవాణ్ణమ్మా. ఎక్కడ పెట్టెల సంగతి అడుగుతుందోనని."

"కంటికి కట్టుంది మామయ్యా. ఏడవకూడదు."

"ఏడవట్లేదు. ఫోన్ ఆవిడకివ్వు."