పర్సోం

ఘియాసుద్దీన్ పాత బనీను ముక్కను ఉండగా చుట్టి ఎడమ బూటు ముందు భాగంలో కూరాడు. వేలితో నొక్కి చూశాడు. మరీ గట్టిగా ఉంటే పాదం మండుతుంది. వదులుగా ఉంటే నడిచేటప్పుడు బూటు ముక్కు ముడుచుకుపోయి అందరి కళ్లూ అక్కడే పడతాయి. సరిపోయిందనిపించాక కాలు లోపలికి పోనిచ్చి లేసు బిగించాడు. ఆ కాలికి బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్లు లేవు.

తొండుపల్లిలో అద్దెకార్లు విమానాశ్రయం బేరం తగిలేదాకా ఆగే స్థలం అది. చుట్టూ రేకుల గోడ, గేటు దగ్గర అడ్డంగా ఒక ఇనుప గొట్టం, దాని కొసకు తాడు. తాడు వదిలితే గొట్టం లేస్తుంది, లాగితే దిగుతుంది. చీకటి పడేదాకా ఘియాసుద్దీన్ పని అదే. అరవై దాటినా నడుము వంగలేదు. తాడు ఒరుసుకుని అరచేతుల్లో చర్మం నున్నగా మెరిసేది.

"సాయబూ, నీ చప్పటి చాయ్" అంటూ జంగమ్మ గ్లాసు అందించింది. గేటు పక్కనే ఆమె చాయ్ బండి.

అతను గ్లాసు అందుకుని ఊదుకుంటూ తాగాడు. అతని కాలివేళ్లు షుగరు జబ్బుతో పోయాయని అక్కడ అందరి నమ్మకం. అందుకని జంగమ్మ ఏనాడూ అతని చాయ్‌లో చక్కెర వేయలేదు. నిజానికి అతనికి షుగరు లేదు. తీపంటే ప్రాణం. అయినా ఎప్పుడూ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణముంది. వేళ్లు సియాచిన్ మంచులో పోయాయి. అప్పుడతను పటాలంలో లారీ డ్రైవరు. పైన ఉన్న గుడారాలకు మనుషులు చాలక అతన్నీ పంపారు. చలికాలమంతా కిరోసిన్ డబ్బాలు మోశాడు. చివరికి జ్వరంతో, నల్లబడిన వేళ్లతో హెలికాప్టర్లో కిందికి తెచ్చారు. అక్కడ చలికాలం గడిపినవాళ్లకు పతకం వచ్చింది, అతనికి రాలేదు. పైన ఉన్నది రెండే రోజులని అతని సర్వీసు కాగితాల్లో ఉంది.

చేరిన కొత్తలో ఒకసారి ఈ గేటు దగ్గరే ఆ సంగతి చెప్పాడు. కారు డ్రైవరు యాదయ్య పడీ పడీ నవ్వాడు. "రెండు దినాల మిలిట్రీనా చాచా? మా అత్తగారింట్ల నేను అంతకంటే ఎక్కువ దినాలుంట!" ఆ తర్వాత ఎవరైనా కాలి గురించి అడిగితే షుగరనే అన్నాడు. అర్జీ పెట్టినప్పుడల్లా రెండు రోజులే అని జవాబు వచ్చేది. భార్య కౌసర్ ఉన్నంతకాలం ఆమె ఒక్కతే నమ్మింది. ఆమె పోయాక అతనికే అనుమానం పట్టుకుంది. మంచు మీద సూర్యుడు లేచిన అన్ని ఉదయాలూ తాను ఊహించుకున్నవేనా? కాగితం అబద్ధమాడదు కదా!

ఆ ముడి విప్పింది మాజీ సైనికుల కార్యాలయంలో పనిచేసే సంయుక్త. కాకినాడ నుంచి వచ్చి రాజేంద్రనగర్‌లో అద్దెకుంటున్న అమ్మాయి. కిందటేడు అతని కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంది.

"ఆసుపత్రిలో మిమ్మల్ని ఏమడిగారండీ?"

"ఉత్తరాది గుమస్తా ఉండె బేటీ. పైకి ఎప్పుడు పోయినవని అడిగిండు."

"మీరేమన్నారు?"

"పర్సోం గయా అన్న."

సంయుక్త పెన్ను కింద పెట్టేసింది. "పర్సోం అంటే మొన్న కదండీ!"

"మొన్ననే గద. చలికాలం మొదట్ల పోయిన."

ఆమె తల పట్టుకుంది, తర్వాత నవ్వింది. "మా ఇంటి ఓనరుగారు కుళాయి పర్సోం బాగు చేయించానన్నారండీ. తీరా అడిగితే వాళ్లబ్బాయి పెళ్లికి చేయించారట. ఆ అబ్బాయి కొడుకిప్పుడు బడికి పోతున్నాడు! మీ ఊళ్లో పర్సోం అంటే గడిచిన ఏ రోజైనా కావచ్చు. ఆ గుమస్తాకేం తెలుసు? లెక్కపెట్టి రెండు రోజుల వెనక తేదీ వేసేశాడు."

ఘియాసుద్దీన్ మొదట్లో ఎవరో తన రోజులను కావాలని కొట్టేశారనుకున్నాడు. కొట్టేసింది తన నాలుకే.

సంయుక్త ఆ మాట అర్థం విడమరిచి రాసింది. ఆ గుడారంలో ఉన్న పాత సుబేదారును వెతికి, ఘియాసుద్దీన్ చలికాలమంతా తమతోనే ఉన్నాడని సంతకం పెట్టించి పంపింది. అప్పటి నుంచి ఎదురుచూపే.

షాద్‌నగర్‌లో ఉన్న కూతురు ఆమ్నా ఆ పొద్దున కూడా ఫోన్ చేసింది. "అబ్బా, ఆ గేటు ఇడిచిపెట్టి రా. నీకోసం గది కడిగి పెట్టిన."

"వస్త బేటీ, జర ఆగు."

"ఎప్పుడొస్తవ్? పర్సోం అనకు మళ్ల!" గడిచిన రోజుకే కాదు, రాబోయే రోజుకూ వాళ్లకు అదే మాట.

కిరాయి ఇళ్లు మారుతుంటాయని అర్జీలో ఈ గేటు చిరునామా ఇచ్చాడు. ఇప్పుడు మారిస్తే మళ్లీ మొదటికొస్తుందేమోనని భయం. గేటు పట్టుకుని వేలాడుతున్నది అందుకే.

మధ్యాహ్నం ఎండలో పోస్టుమాన్ వచ్చి సంతకం చేయించుకుని కవరు, చిన్న పొట్లం ఇచ్చాడు. ఘియాసుద్దీన్ కవరు చింపాడు, అంతా ఇంగ్లీషు. చుట్టూ చూస్తే యాదయ్య ఒక్కడే కారుకు ఆనుకుని పల్లీలు తింటున్నాడు.

"జర చదువు యాదయ్యా."

యాదయ్య చేతులు తుడుచుకుని కూడబలుక్కుంటూ చదివాడు. "మీ సర్వీసు రికార్డు మల్ల చూసినమట... సియాచిన్ల మీరున్న దినాలు..."

సరిగ్గా అప్పుడే విమానం ఒకటి గేటు మీదుగా దిగింది. తొండుపల్లిలో విమానం పోతుంటే మాట మధ్యలోనే ఆపుతారు, పోయాక అక్కడి నుంచే అందుకుంటారు. యాదయ్య వేలు ఆ వరుస మీదే పెట్టుకుని నిలబడ్డాడు. ఘియాసుద్దీన్ అతని పెదవులనే చూస్తున్నాడు.

"...తప్పు పడినయట. చలికాలమంతా ఉన్నట్టు దిద్దినరట. పతకం పంపుతున్నమని రాసిండ్రు చాచా!"

ఘియాసుద్దీన్ కుర్చీలో కూలబడ్డాడు. మంచు నిజం. ఆ ఉదయాలు నిజం.

పొట్లం విప్పితే చిన్న పెట్టెలో గుండ్రని బిళ్ల, దానికి రిబ్బను. యాదయ్య దాన్ని ముట్టుకోలేదు. "అంటే ఆ వేళ్లు..."

"మంచుల పోయినయ్."

"నవ్విన గద చాచా నేను." అతను తల దించుకున్నాడు.

"నేను గూడ నన్ను నమ్మలే. నిన్నేమంట?"

జంగమ్మ బండి దగ్గర నుంచి అరిచింది. "మరి షుగరు?"

"నాకు షుగరెక్కడిదమ్మా."

"నీ పాడుగాను! గిన్నేండ్ల సంది చప్పటి నీళ్లు తాపిస్తి గద! నోరు లేదా? ఎన్నడన్న చెప్పొద్దా?"

"పర్సోం చెప్దామనుకున్న."

యాదయ్య పకపకా నవ్వాడు. అతనికి ఆ మాట కథ తెలియదు. జంగమ్మ తిడుతూనే కొత్త చాయ్ కలిపి చెంచా తర్వాత చెంచా చక్కెర పోసింది. ఘియాసుద్దీన్ కళ్లు మూసుకుని తాగాడు. గ్లాసు అడుగున మిగిలిన చక్కెరను వేలితో తీసుకుని నాకాడు.

సంయుక్తకు ఫోన్ చేశాడు. ఆమె "ఎంత మంచి కబురండీ!" అని రెండుసార్లు అంది. స్థలం యజమానికి ఫోన్ చేసి రేపటి నుంచి రానన్నాడు. ఆ తర్వాత కూడా కార్లు వస్తూ పోతూనే ఉన్నాయి, అతను తాడు లాగుతూ వదులుతూనే ఉన్నాడు.

సాయంత్రం నమాజుకు ముందు గేటు పక్కనున్న రేకుల గది వెనక, కుళాయి దగ్గర వజూకు చేతులు, మొహం కడుక్కున్నాడు. రోజూ ఎవరూ చూడకుండా గోడ వైపు తిరిగి కాళ్లు కడుక్కునేవాడు. ఆ రోజు కుళాయి ఎటుంటే అటే కూర్చున్నాడు. నమాజు ముగించి, సంచీలో కవరు, పెట్టె పెట్టుకున్నాడు. వజూ కోసం ఉంచుకున్న రబ్బరు చెప్పులతోనే షాద్‌నగర్ బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు. ఎడమ చెప్పులో సగం ఖాళీగా కనిపిస్తున్నా అతను కిందికి చూసుకోలేదు.

"సాయబూ, పైలం! మల్ల ఎప్పుడొస్తవ్?" అని జంగమ్మ కేకేసింది.

జవాబు చెప్పబోతుంటే విమానం వచ్చింది. అతను చెయ్యి ఊపి, వచ్చి ఆగిన బస్సెక్కాడు. విమానం దాటిపోయేసరికి బస్సు కదిలింది.

గేటు పక్క కుర్చీ కింద నల్ల బూట్లు జతగా ఉన్నాయి. ఎడమ బూటు ముక్కు, లోపల బనీను ఉండ మీద, ఇంకా నిటారుగా నిలబడి ఉంది.