ఫ్రిజ్ వెనక గాలి

పాలు మళ్ళీ విరిగిపోయాయి. గిన్నెలో గడ్డలు తేలుతుంటే చూసి డ్రైవరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమె స్కూలు బస్సు నడిపింది. అందుకే అందరికీ డ్రైవరమ్మ అయింది. పని మానేశాక భార్యాభర్తలిద్దరూ ఒక పాత వ్యాను కొని, అందులోనే పడక, పొయ్యి, చిన్న ఫ్రిజ్ అమర్చుకుని ఊళ్ళు తిరుగుతున్నారు. లోపలి చెక్కపనంతా బావగారిది, అంటే ఆమె భర్తకి అన్నగారిది. ఆయన పేరున్న వడ్రంగి. పని అద్దంలా మెరుస్తుంది, కాదనడానికి లేదు. ఫ్రిజ్ మాత్రం మొదటి ఎండలకే మొరాయించింది.

ఆయనకి ఫోన్ చేసి చెబితే ఎప్పుడూ ఒకటే పాట.

"ఊరికే తలుపు తీస్తుంటావమ్మా! చల్లదనమంతా బయటికి పోదూ? ఫ్రిజ్ ముందు నిలబడి ఏం వండాలా అని ఆలోచించడం మీ ఆడవాళ్ళకి అలవాటు."

పక్కనే వింటున్న భర్త కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు. అన్నగారి ముందు ఆయనకి నోరు పెగలదు. ఆమె పళ్ళు నూరుకునేది. తీయకూడదంటే దానికి తలుపు పెట్టడం ఎందుకట?

పాలతో పోతే ఎలాగో మింగేసేదే. ఒక మధ్యాహ్నం క్లినిక్‌లో నర్సు, షుగర్ జబ్బున్న ఆమె భర్త వేలు గుచ్చి చూసి, మొహం చిట్లించింది.

"షుగర్ ఇంతుందేమిటండీ? ఇన్సులిన్ చల్లగానే ఉంచుతున్నారా? ఎండకి పాడైన మందు వేసుకుంటే నీళ్ళు వేసుకున్నట్టే."

వ్యానులోకొచ్చి ఫ్రిజ్‌లోని సీసా పట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. ఆమె వెంటనే ఫోన్ తీసింది.

"బావగారూ, మీ తమ్ముడికి షుగర్ పెరిగిపోయింది. ఫ్రిజ్‌లో మందు పాడైపోతోంది."

"చెప్పాను కదమ్మా, ఆ తలుపు..."

ఆమె టక్కున ఫోన్ పెట్టేసింది. మనిషికి మందు పాడవుతోందంటే కూడా ఈయనకి తలుపేనా?

వ్యానుని నీడలో ఆపి, స్క్రూలు విప్పి, ఫ్రిజ్‌ని ముందుకి లాగింది. వెనక్కి చెయ్యి పోనిస్తే చుర్రుమంది. ఫ్రిజ్ తన వేడిని వదిలే గొట్టాలున్నది అక్కడే. వాటి చుట్టూ బావగారి పాలిష్ చెక్క, చీమ దూరే సందు లేకుండా. వ్యాను గోడకి గాలి కోసం కింద ఒక జాలీ, పైన ఒక జాలీ ముందునుంచీ ఉన్నాయి. పైదాన్ని లోపలివైపు చెక్క బిగించి మూసేశాడు మహానుభావుడు. అందం కోసం!

"ఇదీ సంగతి! ఇన్నాళ్ళూ నన్నంటాడా?" అని అరిచింది.

భర్త తొంగిచూసి నసిగాడు. "చెక్క కోసే ముందు అన్నయ్యని ఒకమాట అడుగుదామా?"

ఆయన మొహం చూసి కాస్త తగ్గింది. కంప్యూటర్లు బాగుచేసే కొట్లో చిన్న ఫ్యాను కొని, బ్యాటరీ నుంచి వైరు లాగి, చెక్క జోలికి పోకుండా గొట్టాల పక్కన బిగించింది. ఫ్యాను గిర్రున తిరిగింది. వేడిగాలి పోయే దారిలేక అక్కడక్కడే గింగిరాలు కొట్టింది. సాయంత్రానికి కూడా ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ళు చల్లబడలేదు.

"ఇంక నన్నాపకండి," అని రంపం అందుకుంది.

జాలీకి అడ్డంగా ఉన్న చెక్కని కోసి పారేసింది. ఫ్యానుని అక్కడికి మార్చి, గాలి బయటికి తోసేలా తిప్పి పెట్టింది. భర్త టార్చి పట్టుకున్నాడు. ఇప్పుడు చల్లగాలి కింది జాలీలోంచి దూరి, గొట్టాల వేడినంతా మోసుకుని, పైనుంచి బయటపడింది. బయట జాలీ దగ్గర చెయ్యి పెడితే సెగ కొట్టింది. మర్నాటికి పాలు పాలలాగే ఉన్నాయి. కొత్తగా తెచ్చిన మందు సీసా చేతికి చల్లగా తగిలింది.

తర్వాత బావగారి వర్క్‌షాపుకి వెళ్ళారు. అక్కడ ఆయన, సొంత వ్యానున్న ఒక కస్టమరుతో మాట్లాడుతున్నాడు. కోసిన చెక్కని చూసి గుండెలు బాదుకున్నాడు.

"ఎలుక కొరికినట్టు కొరికేశావేంటమ్మా, నా పనిని!"

అంతలో జాలీ దగ్గర ఆయన చేతికి సెగ తగిలింది. ఫ్రిజ్ తలుపు తీసి చూశాడు. కస్టమరు వైపు తిరిగాడు.

"చూశారా సార్? మేం ఇలా ఫ్యాను పెట్టి ఇస్తాం. మీదానికీ పెట్టేద్దాం."

'మేం'! డ్రైవరమ్మ నోరు తెరిచేలోపే పక్కనుంచి మాట వినబడింది.

"అన్నయ్యా, ఆ ఫ్యాను పెట్టింది ఈమె. చెక్క కోసిందీ ఈమే. గాలికి అడ్డం పెట్టింది నువ్వు."

బావగారు బిత్తరపోయాడు. "ఎవరు పెడితే ఏముందిరా, అంతా ఒక ఇంటివాళ్ళమేగా," అని గొణిగాడు.

"తలుపు తీసింది నేనొక్కదాన్నేనని అన్నప్పుడు ఒక ఇల్లు గుర్తురాలేదేం బావగారూ?" అంది ఆమె. కస్టమరు నవ్వాపుకోలేక దగ్గాడు.

తిరుగుదారిలో భర్త నెమ్మదిగా అడిగాడు. "ఇప్పుడైనా శాంతించావా?"

"లేదు. ఆ నోరు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు?"

విసురుగా గేరు మార్చి, ఆమె వ్యానుని తర్వాతి ఊరివైపు పరిగెత్తించింది.