ఊళ్లో నిద్ర చేయని బస్సు

ఉతికిన లుంగీ, తువ్వాల, సొట్టలు పడిన స్టీలు టిఫిను డబ్బా ఒక్కొక్కటే జానమ్మ ఇద్రీస్ సంచిలో సర్దుతోంది. ఇన్నేళ్లూ అవి ఆమె వసారాలోనే ఉండేవి. ఇద్రీస్ బస్సు డ్రైవరు. రాత్రి ఆఖరి బస్సు తెచ్చి ఊళ్లోనే ఆపి, వీళ్ల వసారాలో పడుకుని, తెల్లవారుతూనే దాన్ని నల్లగొండకు తోలేవాడు. రేపటి నుంచి కరెంటు బస్సట. చార్జింగు పెట్టే జాగా డిపోలోనే ఉంది కాబట్టి అది ఊళ్లో నిద్ర చేయదు. పొద్దున్నే నల్లగొండ నుంచి రావాలి.

"రాకపోతే ఎట్ల తమ్మీ?" అంది జానమ్మ.

ఆమె భయమంతా మొగుడు పెద్దులు గురించే. అతనికి వారానికి మూడుసార్లు నల్లగొండ దవాఖానలో డయాలసిస్ చేయించాలి. మొదటి బస్సు తప్పితే ఆ రోజుకు మిషను ఇంకొకరికి పోతుంది. రాత్రి నుంచే వాకిట్లో నిలబడి ఉన్న బస్సును చూస్తే గానీ ఆమెకు కన్ను మూతపడదు.

"ఫికర్ చెయ్యకక్కా. కొత్త బండ్లు కుదురుకునేదాంక ఒక డీజిల్ బండిని తయారుగ పెట్టిన్రు. దాన్ని తోలేది నేనే. కరెంటు బస్సు రాకుంటే నేనొస్త."

"నువ్వు రాకుంటేనే మంచిది," మంచం మీది నుంచి అందుకున్నాడు పెద్దులు. "నీ గురకకు మా మేకలు గూడ నిద్రపోతలేవు."

"నీ నోటికన్న నా గురకనే నయం బావా!"

మొదటి రోజు కరెంటు బస్సు వేళకే వచ్చింది. మెట్టు కిందికి ఉండడంతో, బిగుసుకుపోయిన మోకాళ్లతోనే పెద్దులు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాడు. ఎక్కడ ఆగిపోతుందోనని జానమ్మ దారిపొడుగునా ముందు సీటు కడ్డీ వదల్లేదు. బస్సు ఆగలేదు.

గురువారం మాత్రం అది రానే లేదు. వేళ దాటిపోయింది. జానమ్మ మలుపు వైపే చూస్తూ కూర్చుంది.

"ఇంటికి పోదాం లే," అన్నాడు పెద్దులు.

ఆమె లేవలేదు. అంతలో మలుపు దగ్గర నల్లటి పొగ, వెనకే డీజిల్ బండి మోత.

ఇద్రీస్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "రాత్రి గాలిదుమారానికి కరెంటు పోయింది, చార్జింగు నిండలే. జల్దిన ఎక్కు బావా, తిట్లు తొవ్వల తిడుదువు!"

ఆ పొగ కళ్లలో పడి మండుతున్నా జానమ్మ నవ్వింది. దవాఖానలో నర్సు పెద్దులు పేరు పిలిచేసరికి ఇద్దరూ తలుపు దగ్గరే ఉన్నారు.

ఆ తర్వాత డిపోలో పద్ధతి మార్చారు. బండి తిరిగి రాగానే సాయంత్రమే చార్జింగు పెడుతున్నారు, కరెంటు పోయినా ఆగకుండా జనరేటరు తెచ్చారు. వానాకాలమంతా బస్సు ఒక్కనాడూ తప్పలేదు. జానమ్మ ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోతోంది, బస్సులో కూడా కునుకు తీస్తోంది. డీజిల్ బండితో పని లేకపోయింది. ఇద్రీస్‌ను ఆలంపూర్ వైపు వేశారు.

అతను మళ్లీ ఆ ఊరికి రాలేదు. ఆఖరుసారి వచ్చింది రెండు వేల ఇరవై అయిదు మే నెలలో, ఆ గురువారం పొద్దున.