బందరు రేవులో మూడో నంబరు

"ఎవరూ వెళ్ళని చోటుకి తీసుకెళ్తాను" అని శాంతకుమారి టీచర్ అన్నప్పుడు తల్లులందరూ మురిసిపోయారు, ఒక్క ముబీనా తప్ప.

బెజవాడ వించిపేటలో బడి గోడకి ఆనుకునే ముబీనా వాళ్ళ ఇల్లు. భర్త మస్తాను పరుపుల కొట్టులో దూది ఏకుతాడు. కూతురు జుబియా ఆ బళ్ళోనే ఆరో తరగతి. కార్తీకమాసం వచ్చిందంటే ఆ బడి ఆడపిల్లలకి గుడారాల క్యాంపు ఉంటుంది. ఏటా భవానీ ద్వీపమే. పడవెక్కడం, ఉసిరిచెట్టు కింద తినడం, ఆ రాత్రికి గుడారంలో పడుకుని మర్నాడు ఇంటికి రావడం. అక్కడ పడుకున్నా బ్యారేజీ మీద లారీల హారన్లు చెవిలో మోగుతూనే ఉంటాయి. అదేం క్యాంపని టీచర్ గారికి ఎప్పటినుంచో బాధ.

"కొండపల్లి ఖిల్లా అందరూ చూసిందే. మంగళగిరి కొండా చూసిందే. మొన్న వేసవిలో దివిసీమ వెళ్ళినప్పుడు నేనొక చోటు చూసొచ్చాను. హంసలదీవి దగ్గర పాలకాయతిప్ప అని. ఓ పక్క కృష్ణ, ఓ పక్క సముద్రం. సరుగుడు చెట్లు. దుకాణం లేదు, మైకు లేదు, మనిషి లేడు. ఎంత ప్రశాంతంగా ఉందో!"

మనిషి ఎందుకు లేడో ముబీనాకి తెలుసు. ఆమె పుట్టింది ఆ చుట్టుపక్కలే. ఉప్పెన వచ్చిన నాటికి ఆమెకి తొమ్మిదేళ్ళు. నీళ్ళు తాటిచెట్టంత లేచి ఊరి మీద పడ్డప్పుడు తమ్ముడి చెయ్యి గట్టిగానే పట్టుకుంది. తెల్లారేసరికి ఆ చేతిలో ఏమీ లేదు. ఊరు పోయింది, ఊళ్ళో బడీ పోయింది. మేనమామ బెజవాడ తీసుకొచ్చి అన్నం పెట్టాడు గానీ బళ్ళో వెయ్యలేదు. నాలుగో తరగతితో ఆమె చదువు అక్కడే ఆగింది. ఈ సంగతి మస్తానుకి తెలుసు. కూతురికి మాత్రం చెప్పలేదు. చెబితే పిల్ల నీళ్ళంటే జడుసుకుంటుందని పైకి అనేది. చెప్పడం మొదలుపెడితే తను ఆగగలదో లేదోనని లోపలి భయం.

"కొండపల్లే మంచిదేమోనండీ టీచర్ గారూ" అంది నెమ్మదిగా.

"మళ్ళీ బొమ్మలు కొనడానికా?" అంది శౌరమ్మ. పక్క వాటాలో ఉంటుంది శౌరమ్మ. ఆమె కూతురు ఎస్తేరుదీ జుబియాదీ ఒకే క్లాసు. "నీకు భయమైతే నీ కూతుర్ని కొంగుకి ముడేసుకు తిరుగమ్మాయ్. మా పిల్ల సముద్రం చూడాలి. పుట్టి పదకొండేళ్ళయింది, కృష్ణలో మోకాల్లోతు నీళ్ళు తప్ప చూడలేదది."

అందరూ నవ్వారు. ముబీనా కూడా నవ్వింది. ఆమెతో వచ్చిన చిక్కే అది. నలుగురు నవ్వితే తనూ నవ్వుతుంది, మనసులో మాట మనసులోనే మింగేస్తుంది. ఆ పూట "మా పిల్లని పంపను" అనేసి ఉంటే అక్కడితో పోయేది. కానీ అప్పటికే జుబియా, ఎస్తేరు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గెంతుతున్నారు.

ఇంటికొచ్చి చెబితే మస్తాను, "పంపించెయ్. మన భయం దానికెందుకు అంటగట్టడం?" అన్నాడు.

టీచర్ గారు మొండిమనిషేం కాదు. తుపాన్ల కాలమని ఆమెకీ తెలుసు. "బయల్దేరే రోజు పొద్దున రేడియో వార్తలు వింటాం. ఏ రేవులో ఏ నంబరు ప్రమాదసూచిక ఎగరేసినా క్యాంపు రద్దు" అని ముందే చెప్పింది. ఆ పైన ముబీనాని పక్కకి పిలిచింది. "నేను బస్సు దగ్గర గుడారాలు సర్దించే హడావిడిలో ఉంటాను. మీ ఇల్లు బడి పక్కనే కదా, మీరు వార్తలు విని వచ్చి చెప్పండి. మీ అంత జాగ్రత్త మనిషి ఇంకెవరున్నారు?"

బడిలో ఏ పనికైనా తనని పిలిచింది అదే మొదలు. సంతకం పెట్టేటప్పుడు కూడా చెయ్యి వణికే మనిషికి అంత పెద్ద టీచర్ అంతటి మాట అప్పజెప్పింది. ముబీనా ఆ రెండ్రోజులూ తల ఎత్తుకు తిరిగింది.

బయల్దేరే రోజు పొద్దున రేడియో ముందు కూర్చుని జుబియాకి జడలు వేస్తూ వార్తలు విన్నది. ఢిల్లీ సంగతులయ్యాయి, హైదరాబాదు సంగతులయ్యాయి. చివరికి వాతావరణం. కోస్తా జిల్లాల్లో పొడిగా ఉంటుందని చదివి, ఇంతటితో వార్తలు సమాప్తం అన్నారు.

"ఏం లేదన్నారమ్మా! నువ్వెళ్ళి చెప్పు, నేను సంచి తెస్తా" అని సగం వేసిన జడతోనే లేచింది జుబియా.

గడప దాటేటప్పుడు ముబీనా మనసులో ఏ దురుద్దేశమూ లేదు. విన్నది విన్నట్టు చెప్పడానికే బయల్దేరింది. బడి గేటు ముందు బస్సు నిలబడి ఉంది. పిల్లలు అప్పుడే కిటికీల దగ్గర చోటు కోసం పోట్లాడుకుంటున్నారు. టీచర్ గారు గుడారం గుంజలు లెక్క చూసుకుంటూనే, "ఏమన్నారు ముబీనా?" అంది.

"బందరు రేవులో మూడో నంబరు ఎగరేశారంటండీ."

ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ముబీనాకి ఒక్క క్షణం తెలియలేదు. తెలిశాక, "తప్పు విన్నానేమో" అనడానికి వ్యవధి ఉంది. అనలేదు. కృష్ణాజిల్లాలో ఆ మాట ఒకసారి అంటే చాలు, రెండోసారి అడిగేవాళ్ళుండరు. డ్రైవర్ ఏసుపాదం "ప్రభువా!" అని ఇంజను ఆపేశాడు. తల్లులు బస్సెక్కి పిల్లల్ని చేతులు పట్టి దింపుకున్నారు. కొందరు పిల్లలు అక్కడే ఏడుపు లంకించుకున్నారు. టీచర్ గారు ముబీనా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు వినబట్టి సరిపోయింది. ఇంతమంది పిల్లల ఉసురు నాకు తగలకుండా కాపాడారు."

సంచి భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చిన జుబియా ఆ మాటలన్నీ విన్నది. తల్లి ముఖంలోకి ఒక్కసారి చూసింది. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు కాసిన ఎండ అంతా ఇంతా కాదు. ఆరేసిన బట్టలు చూస్తుండగానే పెళపెళలాడాయి. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. శౌరమ్మ బస్సులో పిల్లలందరికీ అని చీకటితోనే లేచి గుండిగెడు పులిహోర కలిపింది. ఇప్పుడది ఆకుల్లో పెట్టి ఇంటింటికీ పంచుతోంది. మొదటి ఆకు ముబీనాకే తెచ్చింది.

"తినమ్మా, తిను. నీ పుణ్యమా అని పిల్లలు బతికి బట్టకట్టారు."

ముబీనా ఆమె ఎదుటే తినాల్సి వచ్చింది.  ముద్ద ముద్దకీ నీళ్ళు తాగి దింపింది. జుబియా ఆకలి లేదని గోడవైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం వార్తల్లో తుపాను ఊసే లేదు. "ఒరిస్సా వైపు మళ్ళుంటది. అది ఆడింది ఆట" అని బడి అటెండరు వెంకటప్పయ్య వీధిలో వాళ్ళకి నచ్చజెబుతున్నాడు. తన అబద్ధానికి ఊళ్ళోవాళ్ళే దారులు వేసి పెడుతుంటే ముబీనా కిటికీ రెక్క మూసుకుని కూర్చుంది.

సాయంత్రం టీచర్ గారు ఇంటికొచ్చింది. మంచం మీద కూర్చుని మంచినీళ్ళు పుచ్చుకుంది.

"మా తమ్ముడు బందర్లోనే ఉంటాడు ముబీనా. ఎస్టీడీ బూతుకెళ్ళి ఫోన్ చేశాను. రేవులో ఏ నంబరూ లేదంట, నిన్నా లేదంట. పొరపాటున విన్నారేమోనని అడుగుదామని వచ్చాను. తప్పేం లేదు, తొందర్లో ఎవరికైనా అలా వినబడుతుంది."

తప్పించుకోవడానికి తలుపు బార్లా తెరిచి పెట్టింది ఆవిడ. "అవునండీ, పొరపాటు" అంటే అయిపోతుంది. ముబీనా ఖాళీ గ్లాసు అందుకుని చేతుల్లో తిప్పుతోంది.

"నేనూ విన్నాను టీచర్" అంది జుబియా. ఎప్పుడు లేచొచ్చిందో, వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. "మూడో నంబరే అన్నారు. బందరు అనే అన్నారు."

పాఠం అప్పజెప్పినట్టు తడబడకుండా, టీచర్ కళ్ళలోకి చూస్తూ చెప్పింది. క్లాసులో అబద్ధం ఎరగని పిల్లని పేరు దానికి. టీచర్ ముఖం తేటపడింది. "నువ్వూ విన్నావా? అయితే మా తమ్ముడే సరిగ్గా కనుక్కోలేదేమో" అని లేవబోయింది.

ముబీనాకి తల కొట్టేసినట్టయింది. పొద్దున తను నోరు జారడం ఒక ఎత్తు. పిల్ల ఇంత నిబ్బరంగా దాన్ని మొయ్యడం ఒక ఎత్తు.

"అది వినలేదండీ. నేనూ వినలేదు. పొడిగా ఉంటుందన్నారు రేడియోలో. నేనే కల్పించి చెప్పాను."

టీచర్ గారు మళ్ళీ కూర్చుంది.  "ఎందుకు?" అంది.

ఉప్పెన నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఈవిడ కళ్ళు చెమ్మగిలతాయి. "అయ్యో తల్లీ" అని దగ్గరికి తీసుకుంటుంది. పొద్దున పిల్లలందరూ ఏడ్చిన ఏడుపు ఆ కన్నీళ్ళలో కొట్టుకుపోతుంది. పోయిన తమ్ముణ్ణి ఈ పూట అడ్డం పెట్టుకోవడమా? ఆ ఆలోచనకే ముబీనాకి తన మీద తనకి రోత పుట్టింది.

"భయమేసిందండీ" అని ఊరుకుంది.

"భయమేస్తే మీ పిల్లని మీరు ఆపుకోవాలి గదమ్మా. అందరి పిల్లల్నీ ఆపారు."

"అవునండీ."

"మిమ్మల్ని నమ్మి..." అని ఆ మాట పూర్తి చెయ్యకుండానే లేచింది టీచర్. "బస్సు మళ్ళీ దొరుకుతుందో లేదో చూస్తాను. మిగతా తల్లులకి నేనేం చెప్పను. మీరే చెప్పండి." గుమ్మం దగ్గర ఆగి, "జుబియా, రేపు బడికొచ్చాక నాతో మాట్లాడాలి నువ్వు" అంది.

ఆవిడ వెళ్ళగానే జుబియా బావురుమంది. "ఎందుకు చెప్పేశావమ్మా? నేను చెప్పా గదా!"

"నువ్వు చెప్పావనే చెప్పాల్సొచ్చింది" అంది ముబీనా. పిల్లని ముట్టుకోబోయి, ముట్టుకోలేక చెయ్యి వెనక్కి తీసుకుంది.

శౌరమ్మ పెరట్లో పీటేసుకుని గుండిగ తోముతోంది. ముబీనా నిలబడే మొత్తం చెప్పేసింది. శౌరమ్మ చేతిలో కొబ్బరిపీచు ఆగిపోయింది.

"అంటే నేను ఆకులో పెట్టి, నీ పుణ్యం అంటుంటే... తిన్నావా?"

"తిన్నానక్కా."

"ఎట్టా దిగిందే నీకు?"

ముబీనా వంగి, తోమడానికి తనూ గుండిగ అంచు పట్టుకోబోయింది.

"నాకెందుకు చెప్తావులే. నా చాకిరీ ఎట్టాగూ పోయింది" అని శౌరమ్మ ఇంట్లోకి తిరిగి కేకేసింది. "ఎస్తేరూ! ఇట్రావే. పిన్ని నీకేదో చెప్పుకోవాలంట."

క్యాంపుకని వేసుకున్న గౌను ఇంకా విప్పలేదు ఎస్తేరు. వచ్చి ఎదురుగా నిలబడింది. ముబీనా దాని ఎత్తుకి సరిపోయేలా నేల మీద గొంతుక్కూచుంది. టీచర్ తోనూ శౌరమ్మతోనూ చెప్పడం నయమనిపించింది ఆ చిన్న ముఖం చూస్తే.

"పొద్దున నేను అబద్ధం చెప్పానమ్మా. రేడియోలో తుపాను అనలేదు."

ఎస్తేరు గౌను బొత్తాం తిప్పుతూ అడిగింది.

"అయితే ఇవాళ సముద్రం బాగానే ఉందా పిన్నీ?"

"బాగానే ఉందమ్మా."

"అలలు కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి."

 ఎస్తేరు గౌను మార్చుకుంటానని లోపలికి వెళ్ళింది. శౌరమ్మ ఇటు చూడకుండా మళ్ళీ గుండిగ మీదికి వంగింది. ముబీనా మోకాళ్ళ మీద చేతులానించి లేచి, కొంగు సర్దుకుని, ఆ పక్కనున్న ఇంకో తల్లి గుమ్మం వైపు నడిచింది.